ఆల్బమ్ వచ్చింది సరే, విన్నదెవరు?

2025 మే నెలలో కేరళలో ఒక ప్రశ్న బహిరంగ సభలో వినపడింది. హిందూ ఐక్య వేదిక నాయకురాలు కె.పి. శశికళ పాలక్కాడ్‌లో మాట్లాడుతూ, షెడ్యూల్డ్ కులాలకూ రాప్ సంగీతానికీ ఏం సంబంధం, వాళ్లకు సొంత కళారూపాలు లేవా అన్న అర్థంలో నిలదీశారు. ఆమె మనసులో ఉన్నది వేడన్. త్రిశూర్‌లో పుట్టి, జాఫ్నా నుంచి వచ్చిన తమిళ తల్లి పెంపకంలో ఎదిగి, 2020లో 'వాయిస్ ఆఫ్ ది వాయిస్‌లెస్' అనే పాటతో మలయాళ యువతను కదిలించిన హిరణ్‌దాస్ మురళి. ఆ మాట మీద మన వాళ్లు చాలామంది కోపంగా స్పందించారు, స్పందించాలి కూడా. కానీ నాకు ఆ ప్రశ్న కొత్తగా అనిపించలేదు. పత్రికల్లో, వెబ్‌సైట్లలో కొత్త ఆల్బమ్‌ల మీద వచ్చే సమీక్షలు మర్యాదగా, మెత్తటి భాషలో అడిగేదీ అదే. నువ్వు ఏ గదిలో కూర్చోవాలి? నీ పాట ఏ అరలో పెట్టాలి?

జానర్ అంటే సంగీతంలో రకం అని మనం అనుకుంటాం. శబ్దాన్ని బట్టి పెట్టే పేరు అనుకుంటాం. అమెరికా చరిత్ర చూస్తే అది ముందు మనుషుల్ని బట్టి పెట్టిన పేరు. బిల్‌బోర్డ్ పత్రిక నల్లవాళ్ల పాటల జాబితాను 1949 దాకా 'రేస్ రికార్డ్స్' అనే పిలిచింది. ఆ ఏడాది దాన్ని 'రిథమ్ అండ్ బ్లూస్' అని మార్చారు. పేరు మారింది, అర మారలేదు. 2019లో లిల్ నాస్ ఎక్స్ పాడిన 'ఓల్డ్ టౌన్ రోడ్'ను అదే బిల్‌బోర్డ్ కంట్రీ పాటల జాబితా నుంచి తీసేసింది. కంట్రీ లక్షణాలు చాలినన్ని లేవన్నది వాళ్ల వాదన. 2024 మార్చిలో బియాన్సే 'కౌబాయ్ కార్టర్' విడుదల చేస్తే, కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ అవార్డుల్లో దానికి ఒక్క నామినేషన్ రాలేదు. 2025 ఫిబ్రవరిలో అదే ఆల్బమ్‌కు గ్రామీల్లో ఉత్తమ కంట్రీ ఆల్బమ్, ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ రెండూ వచ్చాయి. ఒకే పాటలు, రెండు సంస్థలు, రెండు తీర్పులు. తేడా పాటలో లేదు, వినే చెవిలో ఉంది.

మన దగ్గర ఈ చెవికి కులం ఉంది. చెన్నైలో మార్గశిర మాసపు కచేరీల సీజన్‌లో పత్రికల పేజీలు తిరగేయండి. ఫలానా విద్వాంసుడు తోడిని ఎక్కడ ఎత్తుకున్నాడు, కల్పనాస్వరాలు ఏ స్థానంలో తడబడ్డాయి, తని ఆవర్తనంలో మృదంగం ఘటానికి ఎంత చోటిచ్చింది అన్నది పట్టిపట్టి రాస్తారు. అదే నెలలో, అదే నగరంలో, 2020 నుంచి పా. రంజిత్ స్థాపించిన నీలం సంస్థ 'మార్గళియిల్ మక్కళిసై' పేరుతో ప్రజా సంగీత ఉత్సవం జరుపుతోంది. దాని మీద కూడా వార్తలొస్తాయి, మంచి ఫొటోలు వేస్తారు. కానీ ఆ రాతల్లో పఱై గురించి దొరికే విశేషణాలు లెక్కపెట్టండి. ఉర్రూతలూగించే, మట్టివాసన, ఆగ్రహం, శక్తి. నాలుగే మాటలు. ఏ దరువు నుంచి ఏ దరువులోకి మారారు, ఒప్పారి పాడే స్త్రీ ఊపిరి ఎక్కడ తీసుకుంది, గానా గాయకుడు తాళానికి వెనక ఎంత సేపు ఆగాడు అన్నది ఎవరూ రాయరు. అంటే కచేరీకి సంగీత సమీక్ష, మన పాటకు సామాజిక వార్త. వాళ్ల సంగీతంలో సమాజం కనిపించదు, మన సమాజంలో సంగీతం వినపడదు.

ఇది రెండు వైపులా జరిగే మోసం. కర్ణాటక సంగీతం శుద్ధ నాదం అయిపోతుంది. ఆ మృదంగానికి తోలు ఎవరు తెచ్చారు, ఎవరు కోశారు, ఎవరు మూశారు అన్నది సంగీతం కిందికి రాదు. టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకంలో మృదంగం తయారుచేసే దళిత క్రైస్తవ కుటుంబాల గురించి, ఆ తోలు గురించి రాస్తే, చెన్నైలోని కళాక్షేత్ర ఆ పుస్తకావిష్కరణకు ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంది. 2024లో ఆయనకు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ప్రకటిస్తే కొందరు కళాకారులు తాము ఆ సీజన్‌లో పాడమన్నారు. తోలు పేరెత్తితేనే ఇంత గొడవ.

అమీరి బరాకా, అప్పటికింకా లెరాయ్ జోన్స్, 1963లో 'జాజ్ అండ్ ది వైట్ క్రిటిక్' అనే వ్యాసం రాశాడు. జాజ్ వాయించే పెద్ద కళాకారులు ఎక్కువమంది నల్లవాళ్లు, దాన్ని తూకం వేసే విమర్శకులు ఎక్కువమంది తెల్లవాళ్లు, వాళ్లు స్వరాన్ని వింటారు కానీ ఆ స్వరం పుట్టిన బతుకును వినరని ఆయన ఫిర్యాదు. మనకు ఇది సగమే సరిపోతుంది. మన విమర్శకులు బతుకును వింటారు. అతిగా వింటారు. వాడల్లో బాధను ఏడు వాక్యాల్లో వర్ణిస్తారు. స్వరాన్నే వదిలేస్తారు.

డప్పునే తీసుకోండి. పెళ్లి డప్పు వేరు, చావు డప్పు వేరు, జాతర డప్పు వేరు, దండోరా వేరు. ఊర్లో పెద్దవాళ్లు ఇంట్లో కూర్చునే, దూరం నుంచి దరువు విని ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు. చిర్రతో కొట్టే దెబ్బ వేరు, సిటికెన పుల్లతో కొట్టే దెబ్బ వేరు. మంట కాక తగిలి తోలు బిగిసినప్పటి మోత, సగం పాట అయ్యాక తోలు సడలినప్పటి మోత ఒకటి కావు. ఇప్పుడు ఫైబర్ డప్పులొచ్చాయి, కాక అక్కర్లేదు, మోత ఒకటే స్థాయిలో ఉంటుంది. ఇది సంగీతంలో వచ్చిన పెద్ద మార్పు. దీని మీద ఎవరైనా సమీక్షకుడు ఒక పేరా రాశాడా? తెలుగు సినిమా ఆడియో సమీక్షల్లో డప్పు వినిపించిన ప్రతి చోటా ఒకటే ముద్ర: 'మాస్ బీట్'. ఆ మాటలో కులం పేరు లేదు కాబట్టి అందరికీ సౌకర్యం. ఒక సెమినార్‌లో నేను డప్పు దరువుల మీద పత్రం చదివితే, ఒక ప్రొఫెసర్ చివర్లో లేచి, బాగుంది కానీ ఇది సోషియాలజీ విభాగంలో చదవాల్సింది కదా అన్నారు. ఆ సెషన్ పేరు సంగీత అధ్యయనాలు.

ఇక ఈ చెవి వల్ల డబ్బు, పేరు ఎలా పోతాయో చూడాలంటే 'ఎంజాయ్ ఎంజామి' దగ్గర ఆగాలి. తెలిసిన కథే, కానీ మనం చెప్పుకునే తీరులో ఒక ముఖ్యమైన ముక్క జారిపోతోంది.

2021 మార్చిలో ఆ పాట వచ్చింది. గొంతులు ధీ, అరివు, నిర్మాణం సంతోష్ నారాయణన్, వేదిక మాజ్జా. తేయాకు తోటల్లో చెమటోడ్చిన అరివు నాయనమ్మ వల్లియమ్మాళ్ జ్ఞాపకం, భూమిలేని మనుషుల వంశ చరిత్ర, ఒప్పారి శోకం ఆ పాటలో ఉన్నాయి. ప్రపంచమంతా ఆడింది. ఆ ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ధీ, షాన్ విన్సెంట్ డి పాల్ కనిపించారు. వాళ్లను ముఖచిత్రం దాకా తీసుకెళ్లిన రెండు పాటల్లోనూ ఉన్న అరివు కనిపించలేదు. పా. రంజిత్ బహిరంగంగా అడిగాక, గొడవ పెరిగాక, అరివుకు డిజిటల్ ముఖచిత్రం వేశారు. డీజే స్నేక్ చేసిన రీమిక్స్‌కు న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో పెట్టిన ప్రకటనలోనూ అతను లేడు. 2022 జులై 28న చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ప్రారంభంలో ఆ పాట పాడారు, వేదిక మీద అతను లేడు. నాలుగు రోజుల తర్వాత అరివు తన మౌనం వీడాడు. పాట తాను కట్టి, రాసి, పాడినదేననీ, ఎవరూ తనకు బాణీ గానీ మాట గానీ ఇవ్వలేదనీ చెప్పాడు. సంతోష్ నారాయణన్ వేరే వివరణ ఇచ్చారు: ఆలోచన ధీది, బాణీ కట్టే పనిలో తమ అందరి చేయీ ఉంది, రాబడిలో వాటాలు సమానం అని. 2024 మార్చిలో ఆయనే, మూడేళ్లయినా ఆ పాట నుంచి తమలో ఎవరికీ రూపాయి రాలేదని మాజ్జా మీద ఆరోపించారు. సంస్థ దాన్ని ఒప్పుకోలేదు.

మనం ఈ కథను అవమానం కథగా చెప్పుకుంటాం. అది నిజమే. కానీ లోపల ఇంకో ప్రశ్న ఉంది: బాణీ అంటే ఏమిటి? ఒప్పారి పాడే మనిషికి బాణీ విడిగా, మాట విడిగా ఉండవు. ఏడుపులో గొంతు ఎక్కడ లేస్తుందో ఎక్కడ విరుగుతుందో అదే బాణీ, అదే మాట. దాన్ని స్టూడియోలోకి తెచ్చినప్పుడు పరిశ్రమ రెండు ముక్కలు చేస్తుంది. నోటి నుంచి వచ్చింది 'సాహిత్యం', కంప్యూటర్ తెర మీద అమర్చింది 'సంగీతం'. అరివును గీత రచయిత, రాపర్ అనగానే అతని నోట్లో ఉన్న రాగం ఎవరి ఖాతాలోకి పోవాలో ముందే తేలిపోతుంది. ఇక్కడ ఎవరిది అబద్ధం అని నేను తీర్పు చెప్పడం లేదు. ఆ స్టూడియోలో నేను లేను. నేనంటున్నది, సమానంగా పంచుకున్నామనే మాట కూడా పంచడానికి ముందు ఒక కొలతను ఒప్పుకుంటుందని. ఆ కొలత తెల్ల కాగితం మీద స్వరం రాసే సంప్రదాయం నుంచి వచ్చింది.

ఇది కవితాత్మకంగా అంటున్న మాట కాదు, చట్టంలో ఉంది. 1957 కాపీరైట్ చట్టం మొదట సంగీత రచనను నిర్వచించినప్పుడు, అది అచ్చయినదో, రాతలో పెట్టినదో, గుర్తుల రూపంలో ఉన్నదో అయి ఉండాలంది. రాయని పాట చట్టం కంటికి సంగీతమే కాదు. 1994 సవరణ దాకా ఇదే నడిచింది. ఆ సవరణతోనే, గుర్తుల రూపంలో నమోదు చేసినా చేయకపోయినా సంగీతం కట్టినవాడు స్వరకర్తే అన్న నిర్వచనం వచ్చింది. అంటే కారంచేడు జరిగిన 1985లో గానీ, చుండూరు జరిగిన 1991లో గానీ ఆ రక్తం మీద మన వాళ్లు నోటితో కట్టిన పాటలు, కాగితం మీద స్వరాలు రాసి లేవు కాబట్టి, చట్టం దృష్టిలో మాటలు మాత్రమే. 2012 సవరణ ఇంకో అడుగు వేసింది. గీత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ హక్కును నిర్మాతకు పూర్తిగా రాసిచ్చేయడానికి వీల్లేదు. సినిమా హాల్లో ప్రదర్శన కాక మిగిలిన వాడకాల మీద వాళ్లకు సమాన వాటా రావాలి. వాద్యకారుడు కూడా చట్టం ప్రకారం 'ప్రదర్శకుడే', అతనికీ హక్కులున్నాయి. డప్పు కొట్టినవాడికి కూడా. ఎన్ని యాప్‌లలో పాట కింద వివరాలు తెరిస్తే డప్పు కళాకారుడి పేరు కనిపిస్తుందో మీరే చూడండి.

కర్త తెలియని జానపదం సంగతి ఇంకా అన్యాయం. ఎవరిదీ కాదు కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' వచ్చినప్పుడు, ఆ పాటను అంతకు ముందే టీవీ వేదిక మీద వినిపించిన ఒక గాయని, ఇది మా అమ్మమ్మ నోట విని సేకరించిన పాట, నా పేరేది అని అడిగింది. సినిమా వాళ్లు ఆమెతో మాట్లాడారు, గొడవ సద్దుమణిగింది. ఆ వారమంతా చర్చ ఎవరు సేకరించారు, ఎవరు రాశారు, ఎవరు బాగా పాడారు అన్న దగ్గరే తిరిగింది. అమ్మమ్మకు అది ఎవరు నేర్పారు, ఏ నాట్లలో, ఏ కలుపుల్లో పాడారు, ఆ కూలి స్త్రీలది ఏ కులం అన్న దాకా ఒక్క సమీక్షా వెళ్లలేదు.

దర్శనం మొగులయ్య విషయంలో అయితే చెవి బాగానే విన్నది, చేతులే కదల్లేదు. మాదిగలను ఆశ్రయించి కథలు చెప్పుకుని బతికిన డక్కలి కులం ఆయనది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే చివరి కొద్దిమందిలో ఒకరు. 2021లో 'భీమ్లా నాయక్' పాటకు ఆయన గొంతే ఎత్తుగడ. 2022లో పద్మశ్రీ. 2024 మేలో హైదరాబాద్ శివార్లలోని తుర్కయంజాల్‌లో భవన నిర్మాణం దగ్గర ఆయన కూలి పని చేస్తున్నట్టు వార్తలొచ్చాయి. ఆ సినిమా పాట సమీక్షల్లో ఆయన గొంతు 'ఫోక్ టచ్'. టచ్ అన్న మాట మన నేల మీద ఎవరి గురించి వాడుతున్నామో తెలిసి వాడారా అని నాకు అప్పుడప్పుడూ అనుమానం.

సరే, వాళ్ల చెవి సంగతి అలా ఉంటే, మన చెవి ఎలా ఉంది?

మన వేదికలు కూడా అంబేద్కరైట్ ఆల్బమ్‌లను వినడం లేదు, స్వాగతిస్తున్నాయి. కొత్త పాట రాగానే పోస్టర్, జై భీమ్, గొంతులేని వారి గొంతు అనే శీర్షిక. అక్కడితో అయిపోతుంది. గద్దర్ మీద ఎన్ని వ్యాసాలు చదివామో! ఆయన పాట ఆపి మాట ఎక్కడ మొదలుపెట్టేవాడు, మాట ఆపి అడుగు ఎక్కడ వేసేవాడు, గజ్జె మోత పల్లవిని ఎలా మలుపు తిప్పేది అన్నది రాసినవి ఎన్ని? 2023 ఆగస్టు 6న ఆయన పోయాక ఆ అడుగు కూడా వీడియోల్లోనే మిగిలింది.

కాస్ట్‌లెస్ కలెక్టివ్ 2018 జనవరిలో చెన్నైలో మొదటిసారి వేదికెక్కినప్పుడు గానా, రాప్, రాక్ కలిపింది. అయోతిదాస పండితుడి 'కులభేదం లేని తమిళులు' అన్న మాట నుంచి పేరు తీసుకుంది. దాన్ని గురించి మనం పేరు గొప్పదనమే చెప్పుకున్నాం. నన్నడిగితే ఆ బృందం చేసిన అసలు పని గానాను మార్చడం. ఉత్తర చెన్నైలో చావు దగ్గర మగవాళ్లు పాడుకునే పాటలోకి ఇసైవాణి అనే స్త్రీ గొంతు రావడంతో ఆ రూపం లోపలే ఒక గోడ కూలింది. శబరిమలలో స్త్రీల ప్రవేశం మీద ఆ బృందంతో 2018లో ఆమె పాడిన పాటను ఆరేళ్ల తర్వాత, 2024 నవంబర్‌లో, తవ్వి తీసి ఆమె మీద ఫిర్యాదులు, బెదిరింపులు కురిపించారు. బృందంలో అంతమంది ఉండగా గురి ఆమె మీదే పడింది.

అరివు విషయంలోనూ నిజాయితీగా వింటే రెండు మాటలు చెప్పాలి. ఆఫ్‌రోతో కలిసి 2019లో చేసిన 'తెరుక్కురల్' ఆ ఏటి రాజకీయాలతో పోటీపడి పరుగెత్తింది. తూత్తుకుడిలో 2018 మే 22న పోలీసు కాల్పుల్లో చనిపోయిన స్నోలిన్ పేరుతో అందులో పాట ఉంది. ఆ వేగమే దాని బలం. కొన్ని చోట్ల ఆ వేగమే బలహీనత కూడా. వార్త పాతబడినప్పుడు చరణం కూడా పాతబడింది. 2024లో వచ్చిన 'వల్లియమ్మా పేరాండి'లో అతను తనను తాను వల్లియమ్మ మనవడిగా చెప్పుకున్నాడు. పేరు పోయిన చోట పేరుతోనే జవాబు. శత్రువు కంటే ముందు పూర్వీకులతో మాట్లాడే ఆల్బమ్ అది. నాకు రెండోదే ఎక్కువ కాలం నిలిచేదిగా అనిపిస్తోంది. నాతో విభేదించే మిత్రులున్నారు, ఉండాలి. ఈ మాత్రం అభిప్రాయ భేదం కూడా మన పేజీల్లో కనిపించకపోవడమే నా ఫిర్యాదు.

వేడన్ దగ్గర ఈ మొహమాటం ప్రమాదంగా మారింది. 2021లోనే అతని మీద స్త్రీలు ఆరోపణలు చేశారు, అతను బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. 2025 ఏప్రిల్‌లో గంజాయి కేసు, చిరుతపులి పన్ను కేసు వచ్చాయి. గొలుసులో ఒక పన్ను ఉన్నందుకు అటవీ శాఖ చూపిన ఉత్సాహం చూసినవాళ్లకు అందులో కులం కనిపించడం సహజం. జులైలో ఒక వైద్యురాలి ఫిర్యాదు మీద లైంగిక దాడి కేసు నమోదైంది. ముందస్తు బెయిల్ వచ్చింది. నవంబర్‌లో 'మంజుమ్మెల్ బాయ్స్' పాటకు కేరళ ప్రభుత్వం అతనికి ఉత్తమ గీత రచయిత అవార్డు ప్రకటించింది. ఇవన్నీ ఒకే సంచిలో వేసి, అంతా కుట్రే అన్నవాళ్లు మన వైపు ఉన్నారు. అంతా అతని నేరమే అన్నవాళ్లు అటు వైపు ఉన్నారు. పులి పన్ను కేసుకూ స్త్రీ ఫిర్యాదుకూ ఒకే జవాబు ఎలా సరిపోతుంది? నేరం జరిగిందో లేదో తేల్చాల్సింది కోర్టు. కానీ ఫిర్యాదు చేసిన స్త్రీని ఉద్యమ శత్రువుగా చూడమని ఏ అంబేద్కర్ రచనలో ఉంది? అతని పాటలు గొప్పవి అని రాసే సమీక్షకుడు ఈ పేరాను కూడా రాయాలి. రాయకపోతే మనం తయారుచేసేది విమర్శ కాదు, అభిమాన సంఘం.

తెలుగులో రాప్ ఉంది, యూట్యూబ్ జానపదాల వరద ఉంది, కానీ తెరుక్కురల్ లాంటి ఆల్బమ్ కోసం చూస్తే చోటు ఖాళీగా అనిపిస్తుంది. నిజానికి ఖాళీగా లేదు. ఏప్రిల్ 14 దగ్గరపడితే రెండు రాష్ట్రాల్లో చిన్న చిన్న స్టూడియోల నుంచి అంబేద్కర్ పాటలు గుట్టలుగా వస్తాయి. రాసేవాడు డిగ్రీ విద్యార్థి, పాడేవాడు ఆటో డ్రైవర్, డబ్బు పెట్టేది వాడలోని యువజన సంఘం. వీటిని ఎవరూ సమీక్షించరు. వింటే చాలా వాటికి ఒకటే డీజే బీటు, ఒకటే వేగం, గొంతును చదును చేసే ఆటోట్యూన్. 'రాజ్యాంగం రాసినవాడా' దగ్గర మొదలై అక్కడే ముగుస్తాయి. మహద్ చెరువు లేదు, రమాబాయి కనిపిస్తే కన్నీళ్ల కోసమే. మధ్యలో ఎక్కడో ఒకటి, అమ్మ మాట్లాడే యాసలో, డప్పు ఒక్కదాంతో, భూమి గురించి, హాస్టల్ అన్నం గురించి పాడుతుంది. దానికి వచ్చేది మూడు వందల వ్యూలు. ఆ ఒక్కదాన్ని వెతికి, దీనికీ మిగతా వాటికీ తేడా ఇదీ అని రాసే మనిషి లేక అది గుట్టలో కలిసిపోతుంది.

అయితే అదే డీజే బీటు ట్రాలీ మీద ఊరి నడివీధిలోకి వెళ్లినప్పుడు ఇంకో పని చేస్తుంది. తాతలు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన వీధి అది. అక్కడ ఆటోట్యూన్ లోపం కాదు, ఎంత దూరం వినపడుతుందన్నదే లెక్క. ఇయర్‌ఫోన్‌లో పేలవంగా ఉన్న పాట రచ్చబండ ముందు ఎందుకు పేలవంగా ఉండదో రాయాలంటే సంగీతమూ తెలియాలి, ఆ వీధీ తెలియాలి. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుడికి నెలకు 4000 రూపాయల పింఛను ఇస్తున్నారు, చెప్పులు కుట్టేవారికి ఇచ్చినట్టే. ఆ పట్టికలో అతను లబ్ధిదారుడు. పాట కింద రాసే పేర్లలో అతను ఇంకా లేడు.